బాయికాడి ఆకు

నేను రాసిన కథల్లో జనం గుర్తు పెట్టుకున్నది ఒకటే. దాంట్లో ఒకడుంటాడు. చెప్పాల్సిన మాట చెప్పడు. వాడు చెప్పనందుకు ఇంకొకరి మీద నింద పడ్తాది. అప్పుడూ నోరు తెరవడు. అట్ల తప్పించుకోని తప్పించుకోని, ఉద్యోగం పోగొట్టుకోని, తాగుడుకు పడి, కడాకు పెనుకొండ బస్టాండులో సిమెంటు బెంచీ మీద దిక్కు లేకుండా సచ్చిపోతాడు. ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను నిలబెట్టి అడుగుతారు, "ఏమప్పా, అంత ఘోరంగా సంపితివే వాన్ని, యాడ దొరికినాడు నీకు వాడు?" అని. నేను నవ్వి ఊరుకుంటా.

వాడు నాకు యాడా దొరకలే. వాడు నేనే. కథలో వాడు సచ్చె, నేను యాభైకి దగ్గరపడి కులాసాగా ఉండా, అంతే తేడా. ఈ మాట రాసేదానికి నాకు ఇన్నేండ్లు పట్టింది, నా మొహానికి.

మా అమ్మ నాకు ఆరేండ్లప్పుడు పోయింది. అప్పట్నుంచి నాకు అమ్మయినా అక్కయినా మా అక్కే. నాకంటే ఎనిమిదేండ్లు పెద్దది. దాన్ని ఇచ్చింది పెనుకొండ కొండ ఎదురుగా కనిపించే ఒక ఊరికి. తొంభైల నడిమిట్ల నేను హిందూపురంలో డిగ్రీ చదువుతాండా. మా నాయన మల్లా పెండ్లి జేసుకున్నాడు, ఆ ఇంట్లో నాకు పొసగలే. "ఈడ్నుంచే బస్సుకు పోయిరా అబ్బీ, నా కండ్ల ముందర ఉంటావు" అని అక్క నన్ను తెచ్చి ఇంట్లో పెట్టుకుండె. మా బావ గానీ ఒక్క మాట అనలే. పొద్దున సంగటి, క్యారియర్లో చిత్రాన్నం, సందకాడ వస్తే మల్లా వేడన్నం. ఇంతా తిని నేను చేయాల్సిన పనల్లా ఒకటే, పురుగుల కాలంలో పొద్దున్నే ఒక కోత ఆకు కోసుకోనొచ్చేది. అది గూడా నాకు ఏడుపే. తలనొప్పి అంటాంటి, పరీక్ష అంటాంటి, ఈ పొద్దు బస్సు ముందే వస్తాదంట అంటాంటి. అక్క నవ్వి కొడవలి తానే ఎత్తుకోని పోతాండె.

పురుగులంటే పట్టుపురుగులు. ఆ కాలంలో మా పక్క బాయిలో ఇన్ని నీళ్లుంటే చాలు, ఆ ఇంట్లో మల్బరీ తోట, పురుగులిల్లు ఉండాల్సిందే. నెల కావస్తా ఆకు మేపితే గూళ్లు కడ్తాయి. ఆ గూళ్లు హిందూపురం మార్కెట్టుకు పొయ్యి, దారమై, ధర్మవరం మగ్గాల మీదకి పోతాయి. ఆ నెల దినాలూ వాటికి పసిబిడ్డకు జేసినంత సేవ జేయల్ల. పురుగులింట్లో అగరొత్తి ముట్టించకూడదు. బీడీ తాగినోడు లోపలికి పోకూడదు. ఆడోళ్లు ముట్టయితే మూడు దినాలు ఆ గడప తొక్కకూడదు. ఈ ఆఖరుది ఏ ఆఫీసరూ చెప్పింది గాదు, ఊరు పెట్టుకున్న కట్టడి. అయినా అన్నిటికంటే గట్టిగా నిలిచేది అదే.

మా అక్క చెయ్యి మంచిదని ఊర్లో పేరు. గుడ్లు పగిలి చీమలంత పురుగులు బయటికొచ్చిన పొద్దు, వాటికి లేత ఆకు సన్నంగా తరిగి తొలి మేత చల్లేది ఎవరంటే వాళ్లు గాదు. చెయ్యి మంచిదైన మనిషిని పిల్చుకోనొస్తారు. ఎవురింట్లో గుడ్లు పగిలినా మా అక్కకే కబురు. ఎంత పనున్నా వదిలేసి, తలకు పోసుకోని, చేతులు రెండు తూర్లు సబ్బేసి కడుక్కోని పోతాండె. "ఏముండాదే నీ చేతుల్లో, ఊరంతా ఇరగబడ్తాది?" అని నేను గేలి జేస్తే, "నిన్ను సాకిన చేతులు రా ఇవి, పురుగులొక లెక్కా?" అని నా నెత్తిన ఒక మొట్టికాయ వేస్తాండె. ఆ పేరు తప్ప దానికి ఆ ఇంట్లో వేరే బలం లేదు. వాళ్లత్త గయ్యాళి. నగా నట్రా లేని పిల్లని తెచ్చుకుంటిమని సణగతానే ఉంటాది. తొలి మేతకు ఎవరన్నా అక్కను పిలిచేదానికొస్తే మాత్రం ఆ ముసిలామెకు గూడా మొహం వెలిగేది.

ఆ ఏడు మాకు పురుగు దివ్యంగా వచ్చింది. నాలుగో జ్వరం లేచినాయి. జ్వరమంటే రోగం గాదు, పురుగు మేత మాని నిద్రపొయ్యి పొర వదిలేదాన్ని మా పక్క అట్ల అంటారు. నాలుగు జ్వరాలు దాటితే వారం దినాలు రాక్షసంగా మేస్తాయి, ఆ మీదట గూడు కట్టేదానికి మాగుతాయి. ఇంగ రెండు దినాల్లో మాగుతాయనంగా, మా బావ చంద్రికలు తెచ్చేదానికి పక్కూరికి పోవల్లనుకున్నాడు. చంద్రికలంటే పురుగులు గూడు కట్టుకునే వెదురు తడికలు. "రేపు పొద్దున ఆకు నీదే అబ్బా, ఎగ్గొట్టొద్దు" అన్నాడు నాతో. "ఎగ్గొట్టను బావా" అంటి.

మాకు తోటలు రెండు. ఒకటి బాయికాడ, ఇంటికి దగ్గర. ఇంకొకటి గుట్ట కింద, పోయొచ్చేదానికే అరగంట. బాయికాడి తోట పక్కన ఒక సాయిబు తాత టమోటా పెట్టినాడు. ఆయనకూ మా బావకూ గట్టు కాడ తగువొచ్చి రెండేండ్లుగా మాటల్లేవు. ఆ పొద్దు సందకాడ నేను బస్సు దిగి గట్టు మీద వస్తాంటే ఆ తాత పంపు భుజాన ఏసుకోని అడ్డమొచ్చినాడు.

"ఏమబ్బా, మీ బావకూ నాకూ మాటల్లేవు, నీకు తెలుసు. నువ్వు చెప్పు. టమోటాకి పురుగు మందు కొట్టినా. గాలి మీ తట్టుకు తిరిగింది. ఈ పక్క ఆరు సాళ్లు ఇరవై దినాలు ముట్టొద్దని చెప్పు. గుర్తుకు పేలిక కట్టినా సూడు." పాత లుంగీ చించిన నీలం పేలిక, మా మల్బరీ కొమ్మకు కట్టినాడు. మాటల్లేని మనిషి తోట మీద అంత జాగ్రత్త ఆయనకు. "మర్సిపోవద్దు నాయనా, పురుగుకు ఆకులో విషం పెట్టినట్లయితాది" అన్నాడు. "చెప్తాలే తాతా" అంటి.

నా తలలో ఆ పొద్దు ఆయన మాట గాదు ఉండేది. మరుసటి దినం హిందూపురంలో కథలు రాసేవాళ్లు కూడుకుంటారు, నా మొట్టమొదటి కథ చదవమన్నారు. ఇంటికి పోతానే కాగితాలు ముందరేసుకోని కూర్చుంటి. బావ పక్కనే కూర్చోని సంగటి తినె. చెప్పల్ల అని ఒక తూరి అనిపించింది గూడా. చెప్తే, "అట్లయితే పొద్దున్నే లేసి గుట్ట కిందికి పో అబ్బా" అంటాడు. బస్సు తప్పిపోతాది. పొద్దున చూసుకుందాంలే అనుకుంటి. బావ కోడి కూయకముందే చంద్రికలకు పోయినాడు.

నేను లేసింది ఆలస్యం. కొడవలి, గోనెపట్టా ఎత్తుకోని బయలుదేరితి. బాయి కాడికొచ్చేతలికి కాలు ఆగిపోయె. గుట్ట కిందికి పోతే బస్సు లేదు. ఆరు సాళ్లు వదిలి కోద్దామంటే, తోటలో సగం అంతకుముందే కోసేసిన్నాము, ఆ పేలిక పక్కనే దట్టంగా ఆకుండేది. "మందు కొట్టేది టమోటాకి గదా, మనకేమి, రోంత గాలికి తగిలింటాది, అంతే" అని నాకు నేనే చెప్పుకోని, మూడో సాలు నుంచి కోసేస్తి. గంపెడు ఆకు అక్క ముందర దించి, "ఇదో నీ ఆకు" అని, స్నానం జేసి బస్సెక్కితి. అక్క నా ఎనకాలే గుమ్మం దాకా వచ్చి, "గట్టిగా చదువు అబ్బీ, గొంతులో గొంతులో గొణగొద్దు" అనె.

హిందూపురంలో నా కథ బాగుందన్నారు. గాల్లో తేలుకుంటా సందకాడ బస్సు దిగితి.

ఇంటి ముందర జనం. పురుగులింటి తలుపులు బార్లా తీసుండాయి. లోపల తట్ట తట్టలోనూ పురుగులు తలకాయలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతాండాయి. నోట్లోంచి పచ్చరసం కక్కుతాండాయి. కొన్ని ముడుసుకపొయ్యి సగమైపోయినాయి. నా కండ్లకు చూస్తానే తెలిసిపోయె.

అక్క లోపల లేదు. పంచలో ఒక మూల, చాప మీద ఇంటికి ఈపు తిప్పి కూర్చోనుండె. మద్యాన్నం దానికి ముట్టయింది. తెలిసిన గడియే తానే చెప్పి బయటికొచ్చి కూర్చుండె. పురుగులు కక్కేది మొదలైంది ఆ తర్వాత. ఇంగ వాళ్లత్తకు ఇంకేం కావల్ల? "పొద్దున్నించి నడుము నొప్పి అంటానే ఉండె. దానికి అప్పుడే తెలుసు. తెలిసీ లోపలికి పొయ్యి ఆకేసింది. నా కొడుకు ఇల్లు ముంచింది" అని ఈదంతా వినబడేట్ల అరుస్తాండె. "లేదత్తా, నా బిడ్డ మీద ఒట్టు, మద్యాన్నమే తెలిసింది" అని అక్క తల తిప్పకుండానే అంటాండె. మూడేండ్ల పాప దాని కాడికి పోతానని ఏడుస్తాంటే ఎవరో పట్టుకోనుండ్రి.

మా బావ తెలివైనోడు. ఒక పురుగును అరచేతిలో పెట్టుకోని చూసి, నా తట్టు తిరిగినాడు. "ఏమబ్బా, ఇది మందు మాదిరి ఉండాదే. ఆకు యాడిది? బాయికాడిది గానీ కోయలేదు గదా?"

అప్పుడు చెప్పుండచ్చు. తన్నుండును, తన్నే హక్కుండాది. ఇంట్లోంచి పొమ్మనుండును. అంతకంటే ఏమయ్యుండును? అక్క ఈపు నాకు కనిపిస్తానే ఉండాది. ఆ ఈపు గట్టిగా బిగుసుకపోయె, నేనేం చెప్తానా అని అది వింటాండాది.

"గుట్ట కిందిది బావా" అంటి.

బావ తల ఊపి పురుగును కింద పెట్టె. అంతటితో అయిపోయె. మందు గాకపోతే ఇంగ మిగిలింది అక్కే.

మరుసటి పొద్దున గుంత తవ్వి, తట్టలు తెచ్చి కుమ్మరించి, సున్నం చల్లి పూడ్సినారు. నేను ఆ సందట్లో బాయికాడికి పొయ్యి పేలిక ఊడదీసి, రాయి కట్టి బాయిలో ఏస్తి. థూ, నా బతుకు చెడ. నాలుగు దినాలకు సాయిబు తాత నన్ను పట్టుకున్నాడు. "చెప్పినావు గదబ్బా?" "చెప్పినా తాతా, ఆ ఆకు మేము ముట్టలే. ఇంట్లో ముట్టు కలిసింది." ఆయన నా మొహం తట్టు చూసి, గట్టు దిగి పాయె. ఆ ఎండాకాలంలోనే పొలం అమ్మేసి గోరంట్లలో బిడ్డ ఇంటికి పోయినాడు.

మూడు దినాలకు అక్క స్నానం జేసి లోపలికొచ్చింది. కోపంగా ఉంటాదనుకుంటి. నాకు అన్నం పెడతా నెమ్మదిగా అనె, "ఏమో అబ్బీ, పొద్దున కడుపు పట్టేసినట్లే ఉండె. నేనే గమనించుకోలేదేమో." నేను కంచంలోకి చూసుకుంటా తింటి. అది నమ్మేదానికి మొదలుపెట్టిందని నాకు తెలిసిపోయె. అయినా ముద్ద దిగింది నాకు, ఆపకుండా తింటి.

నెల దాటినాక ఎదురింట్లో గుడ్లు పగిలినాయి. అక్క పొద్దున్నే తలకు పోసుకుండె. చేతులు రెండు తూర్లు కడుక్కోని, తడి తుడుసుకోని, ఊరికే ఏదో పని ఉన్నట్ల గడప కాడ నిలబడె. ఎదురింటామె బయటికొచ్చి, మా ఇంటి తట్టు చూడకుండా, ఈది చివర ఇంకొకామెను పిల్చుకోని పాయె. అక్క రోంతసేపు నిలబడి, లోపలికొచ్చి కసువు ఊడ్సె. ఆ పొద్దు నుంచి మా అక్కను తొలి మేతకు ఎవరూ పిలవలే. సొంత పురుగులింట్లోకి గూడా వాళ్లత్త అడుగు పెట్టనియ్యలే.

బాయిలు ఎండిపోయినాయి. బావ మల్బరీ పెరికేసి, పెండ్లాన్నీ పాపనీ తోలుకోని ధర్మవరం పొయ్యి, బాడిగింట్లోనే కూలి మగ్గం ఏసుకోని కూర్చున్నాడు. అక్క ముందరింట్లో పట్టుదారం కండెలు చుడ్తాండె. దారం ముట్టుకునేదానికి మాత్రం దానికి భయం లేదు. "ఇది సచ్చిన గూడే గదా, దీన్ని ఇంగ నేను చేసేదేముండాది" అని నవ్వేది. అట్లాంటి మాటలు నవ్వుతా అంటాంటే విన్నోడికి ఎట్లుంటాదో, నేను గాబట్టి బతికితి.

నాకు పెనుకొండలో గుమాస్తా ఉద్యోగమొచ్చె. పెండ్లయె. పెండ్లిలో పసుపు దంచేదానికి ముత్తైదువల్ని పిలిస్తే అక్క స్తంభం ఎనకాల నిలబడె. నేనే పొయ్యి రమ్మంటే, "వద్దు అబ్బీ, నా చెయ్యి మంచిది గాదు, నీ పెండ్లికెందుకు?" అనె. అది అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్ల, ఏడుపు గూడా లేకుండా చెప్పె. రెండు వేల ఐదారు ప్రాంతంలో నాకు పాప పుట్టింది. హిందూపురం ఆస్పత్రికి ధర్మవరం నుంచి బస్సుకొచ్చి, తలుపు కాడ్నుంచే చూసి, ఎత్తుకోకుండానే పాయె.

ఆ పాప పుట్టినాకనే నేను ఆ కథ రాసింది. చెప్పలేకపోతాండా గదా, రాస్తే చెప్పినట్లేనని నా తెలివి. పురుగులు పెడ్తి, మందు పెడ్తి, పేలిక పెడ్తి. అక్కను మాత్రం ఎదురింటి కోడలుగా మార్చి, నన్ను పేరు లేని ఒకడుగా జేసి, వాన్ని పది పేజీలు తిప్పి తిప్పి కొట్టి సంపితి. వాడు పడే ప్రతి దెబ్బకూ నాకు రోంత బరువు దిగినట్లుండేది. హిందూపురంలో కథ చదివితే అందరూ మెచ్చుకుండ్రి. ఒక రిటైరైన తెలుగు అయ్యవారు మాత్రం చెయ్యెత్తి అన్నాడు: "బాగుండాది నాయనా. కానీ తప్పించుకునేవాడు ఇట్ల తాగి పడిపోడు. ఇంకొకరి మీద నింద పడ్తే నోరు తెరవనప్పుడే వాడి పని అయిపోయె. ఆ మీదట వాడు శుభ్రంగా ఉద్యోగం జేసుకుంటాడు, పెండ్లి జేసుకుంటాడు, బిడ్డల్ని కంటాడు. నువ్వు వాన్ని సంపి తప్పించినావు." నాకు ఒళ్లు మండిపోయె. ఈయనకు కథంటే ఏం తెలుసని బస్సులో పెనుకొండ దాకా తిట్టుకుంటానే వస్తి.

కథ అచ్చయినాక ఆ పుస్తకం తీసుకోని, పెండ్లాన్నీ తొమ్మిది నెలల పాపనీ తోలుకోని ఒక ఆదివారం ధర్మవరం పోతి. అక్కకు చదువు రాదు. దాని బిడ్డ అప్పటికి పదో తరగతికి దగ్గరపడింది. "మామ కథ, నేను చదువుతా" అని గోడకానుకోని మొదలుపెట్టె. అక్క రాట్నం తిప్పుతా వింటాండె. మా పాప నా పెండ్లాం ఒళ్లో ఆడుకుంటాండె.

పేలిక దగ్గరికొచ్చేతలికి రాట్నం నెమ్మదించింది. పురుగులు తలకాయలు ఊపి పచ్చరసం కక్కే చోట పూర్తిగా ఆగిపోయింది. కథ అయిపోయినాక అక్క కొంగుతో కండ్లు తుడుసుకుండె. "పాపం, వాన్నెందుకు సంపితివి అబ్బీ? ఆ కోడలి కాడికి పొయ్యి ఒక్క మాట చెప్పింటే ఏం చేసుండును ఆ యమ్మ? నాలుగు తిట్టి అన్నం పెట్టుండును."

అంతటితో ఆపలే అది. రాట్నం పక్కకు జరిపి నా తట్టు తిరిగె. దాని మొహం మారిపోయింది, పెండ్లికి ముందర ఉండేదే అట్లాంటి మొహం. "అబ్బీ, మావి గూడా అట్లే కక్కినాయి గదా? తలకాయలు అట్లే ఊపినాయి. మందు ఆకు తింటే నిజంగా అట్లయితాదా? అయితే ఆ పొద్దు... అది నా చెయ్యి గాదా అబ్బీ?"

అడుగుతానే రెండు చేతులూ కొంగుకు గట్టిగా తుడుసుకుండె. నా పెండ్లాం తట్టు జరిగి, పాపను ఎత్తుకునేదానికి చేతులు చాపె. పాప నవ్వుతా ముందరికి ఒంగె. అక్క నా నోరు చూస్తాండాది. అవునక్కా అంటే చాలు. ఇన్నేండ్లకు ఒక్క మాట.

నా పెండ్లాం చూస్తాండాది. మేనకోడలు పుస్తకం మూసి చూస్తాండాది. లోపల మగ్గంలో బావ దారం నాడె అటూ ఇటూ కొట్టేది ఆపినాడు, వింటాండాడు.

"కథ గదక్కా" అంటి. "ఊరికే కల్పించి రాసినా. యాడన్నా అట్లయితాదా?"

"అంతేలే" అనె అక్క. చాపిన చేతులు మెల్లగా ఎనక్కి తీసుకుండె. "నేనొక పిచ్చిదాన్ని" అని నవ్వి, రాట్నం ముందరికి జరుపుకుండె. లోపల నాడె మల్లా మొదలాయె.

ఆ తర్వాత మూడేండ్లకు అక్క కామెర్లతో పోయింది. మా పాపను ఒక్క తూరి గూడా ఎత్తుకోకుండానే పోయింది. అయ్యవారు చెప్పింది నిజమే, నాకేం కాలే. తింటాండా, పండుకుంటాండా, నా పాప ఇంజనీరింగ్ చదువుతాండాది. ఎవరన్నా ఆ కథలో వాడు యాడ దొరికినాడని అడిగితే ఇంతకాలం నవ్వుతా వస్తి. ఇది కథ గాదు, దీంట్లో ఎవరినీ మార్చలే.

ఆకు బాయికాడిది అక్కా. నేనే కోస్తి.